మొదటి వరసలో ఖాళీ

రాజోలు మెయిన్ రోడ్డు మీద గంగబాబుకి ఒక ఫ్లెక్సీ షాపు ఉంది. పేరు సాయిదుర్గ డిజిటల్స్. ఆ చుట్టుపక్కల పిల్ల ఓణీ వేసుకున్నా, పిల్లవాడు పంచె కట్టుకున్నా, ఒకాయన ఇల్లు కట్టినా, ఇంకొకాయన కువైట్ నుంచి సెలవు మీద దిగినా ఆ సంగతి ముందు గంగబాబుకి తెలియాలి, ఆ తర్వాతే బంధువులకి. ఫ్లెక్సీ కట్టని శుభకార్యం జరిగినట్టు లెక్కలోకి రాదు. పూర్వం మనిషి పోతే మోయడానికి నలుగురుంటే సరిపోయేది. ఇప్పుడు రెండు కరెంటు స్తంభాల మధ్య అశ్రునివాళి ఫ్లెక్సీ ఉండాలి, అశ్రువులు కార్చినవాళ్ళ ఫొటోలు వరసగా ఉండాలి. పోయినాయన ఫొటో కంటే ఏడ్చినవాళ్ళ ఫొటోలే పెద్దవిగా వేసిన సందర్భాలు గంగబాబు సర్వీసులో కొల్లలు.

ఫ్లెక్సీ అంటే బొమ్మ వెయ్యడమనుకునేవాళ్ళు అమాయకులు. బొమ్మ కంప్యూటరు వేసి పెడుతుంది. గంగబాబు చేసేది మనుషుల్ని కూర్చోబెట్టడం. అన్నింటికంటే పైన దేవుడు. దేవుడికి అటూ ఇటూ పోయిన పెద్దలు. మధ్యలో బతికున్న పెద్దమనిషి నిలువెత్తున, రెండు చేతులూ జోడించి. ఆయనకి ఎన్నికలతో సంబంధం లేకపోయినా చేతులు మాత్రం జోడించాల్సిందే. పక్కన అన్నదమ్ములు, వాళ్ళ పక్కన బావమరుదులు, అడుగున ఆవగింజలంత గుండ్రాల్లో నల్లకళ్ళజోళ్ళు పెట్టుకుని ఫోను చెవికి ఆనించుకున్న కుర్రకారు. ఇందులో ఎవరి తల ఎవరి తల కంటే వేలెడు కిందకి జారినా ఆ ఫ్లెక్సీ తెల్లారేసరికి చిరిగిపోతుంది. పక్క మండలంలో ఒక ఫ్లెక్సీవాడు తెలియక పినతండ్రి కొడుకుని సొంత తమ్ముడి కంటే ముందు కూర్చోబెట్టాడు. పెళ్ళి ఆగలేదు గానీ భోజనాల దగ్గర బల్లలు లేచాయి.

గంగబాబు చేతిలో అలాంటిది ఏనాడూ జరగలేదు. ఎవరికి ఎవరితో మాటల్లేవో, ఎవరు ఎవరి పక్కన నిలబడరో అతనికి కంఠతా వచ్చు. పడనివాళ్ళిద్దరి మధ్యా ఒక పూలగుత్తి పెట్టేవాడు. మరీ పడకపోతే నెమలి. 'గంగబాబు వేస్తే గొడవ రాదు' అని ఊళ్ళో పేరు. ఆ పేరు మీదే ఇంట్లో పొయ్యి వెలుగుతోంది.

అతని చదువు పదో తరగతి దగ్గర ఆగింది. సరిగ్గా చెప్పాలంటే పదో తరగతిలో సైన్సు దగ్గర ఆగింది. అన్నీ పాసయ్యి అందులో పోయాడు. మళ్ళీ రాశాడు, మళ్ళీ పోయాడు. సైన్సు అతన్ని వద్దనుకుందని తేలిపోయాక బ్రష్షు పట్టి గోడల మీద అక్షరాలు రాశాడు, బ్రష్షు పోయి మిషను వచ్చాక మిషను పట్టాడు. భార్య దుర్గమ్మ ఫ్లెక్సీ అంచులు మడిచి, తాళ్ళు కట్టడానికి రింగులు కొడుతుంది. ఒక్కగానొక్క కూతురు రమ్యశ్రీ హైస్కూల్లో పదో తరగతి. తండ్రిని కాదన్న సైన్సు ఆ పిల్లని మాత్రం ఆదరించింది. అందులో క్లాసుకి ఎప్పుడూ మొదటే. వచ్చే ఏడు మా అమ్మాయికి ట్రిపుల్ ఐటీలో సీటొస్తుందని గంగబాబు ఫ్లెక్సీ వేయించుకోడానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. అడ్వాన్సు ఇచ్చాక చెబితే వాళ్ళు విని తీరాలి కదా.

ఇక షాపున్న బిల్డింగు సత్యదుర్గారావుగారిది. రొయ్యల చెరువులు, కొబ్బరి ఎగుమతి, హైస్కూలు కమిటీ ఛైర్మన్‌గిరీ అన్నీ ఆయనవే. ఆయన గొంతు పెంచడం ఎవరూ వినలేదు. పెంచాల్సిన అవసరమూ ఆయనకి రాలేదు.

ఆ ఏడు హైస్కూలుకి స్వర్ణోత్సవం వచ్చింది. పూర్వ విద్యార్థుల సంఘానికి కార్యదర్శి మురళీమోహన్‌గారు, బ్యాంకులో మేనేజరు చేసి రిటైరయ్యారు. రిటైరైన దగ్గర్నుంచీ ఆయనకి రోజుకొక ఆలోచన వస్తోంది, ఆ ఆలోచనకి ఊరు బలైపోతోంది. సైన్సు ల్యాబు గోడకి పెద్ద ఆవర్తన పట్టిక వేయించాలన్నది ఆయన తాజా ఆలోచన. ఈ సృష్టిలో ఉన్న మూలకాలన్నిటినీ గళ్ళల్లో వరసగా కూర్చోబెట్టే పట్టిక అది. అక్కడితో ఆగితే బాగుండేది. గడికొక దాత, మూలకం పక్కన దాత ఫొటో అన్నారు. నూట పద్దెనిమిది గళ్ళు, నూట పద్దెనిమిది మంది దాతలు. వచ్చిన సొమ్ముతో బడికి కొత్త ల్యాబు సామాను. ప్రకృతి అంతటినీ ఒక్క దెబ్బతో ఫ్లెక్సీ చేసేశారన్న మాట.

పట్టిక నమూనా పట్టుకుని సైన్సు టీచరు విజయగారు షాపుకి వచ్చారు.

"దీంట్లో ఒక్క గడి కూడా అటూ ఇటూ కాకూడదండి గంగబాబు గారూ. మీ అలవాటు ప్రకారం సర్దకండి. గడిగడికీ నంబరుంది. ఆ నంబరే వరస."

"ఆ నంబర్లు ఎవరిచ్చేరండి, టీచరు గారూ?"

"ఎవరూ ఇవ్వలేదండి. మూలకం పరమాణువు లోపల ప్రోటాన్లని ఉంటాయి. ఒకటుంటే హైడ్రోజన్, రెండుంటే హీలియం. డెబ్బై తొమ్మిదుంటే బంగారం. అందులో ఒకటి తగ్గితే అది బంగారం కాదు, ప్లాటినం."

గంగబాబు మౌసు వదిలేశాడు.

"అంటే రికమండేషన్ పనిచెయ్యదాండి?"

"చెయ్యదండి."

"మినిస్టరు గారు ఫోన్ చేసినా?"

"ప్రోటాన్లకి ఫోన్లు లేవండి," అన్నారు విజయ టీచరు.

ఆ తర్వాత ఆమె పట్టిక విప్పి చెబుతుంటే గంగబాబు కుర్చీ దగ్గరికి లాక్కుని విన్నాడు. తరగతిలో ఇలా విని ఉంటే ఈపాటికి అతనే టీచరు అయ్యుండేవాడు. అడ్డంగా ఉండేవి పీరియడ్లు, ఏడు. నిలువుగా ఉండేవి గ్రూపులు, పద్దెనిమిది. నిలువు వరసలో ఉన్నవాళ్ళందరికీ ఇంచుమించు ఒకే గుణం. ఎడమ చివర గ్రూపులో సోడియం, పొటాషియం లాంటివి నీళ్ళు తగిలితే చాలు, భగ్గుమంటాయి.

"మా పెదమావగారి ఇంటివాళ్ళండి," అన్నాడు గంగబాబు. "మరి ఈ కుడి చివరోళ్ళో?"

"హీలియం, నియాన్, ఆర్గాన్. వీళ్ళు మామూలుగా ఎవరితోనూ కలవరండి."

"పెళ్ళికి పిలిచినా రారాండి?"

"వచ్చినా ఎవరి పక్కనా కూర్చోరు."

"ఉన్నారండి మన దగ్గరా. అడుగున ఈ రెండు వరసలూ విడిగా పెట్టేరేంటండి? ఏం తప్పు చేసేరు?"

"ఏ తప్పూ చెయ్యలేదు. అవి ఆరో వరసలోనూ ఏడో వరసలోనూ ఉండాల్సినవే. అక్కడ ఇరికిస్తే పట్టిక మరీ వెడల్పైపోతుందని, కాగితం చాలక కిందకి దించారు."

"నేను కుర్రోళ్ళకి చెప్పేదీ ఇదేనండి. చోటు చాలక దించేనమ్మా, తక్కువ చేసి కాదని. ఒక్కడూ నమ్మడండి."

మెండలీవ్ అనే రష్యా ఆయన ఈ పట్టికని తయారు చేసినప్పుడు మూలకాల్ని బరువుల్ని బట్టి వరస పెట్టాడని విజయ టీచరు చెప్పారు. అయితే టెల్లూరియం అనేది అయొడిన్ కంటే కాస్త బరువెక్కువ. బరువు ప్రకారం అయితే వెనక కూర్చోవాలి. గుణం చూస్తే ముందు కూర్చోవాలి. ఆయన గుణం వైపు మొగ్గి దాన్ని ముందే కూర్చోబెట్టాడు. చాలా ఏళ్ళ తర్వాత నంబర్ల సంగతి బయటపడ్డాక చూస్తే ఆయన చేసిందే ఒప్పు. అంతే కాదు, అప్పటికి ఎవరికీ దొరకని మూలకాల కోసం ఆయన పట్టికలో గళ్ళు ఖాళీగా వదిలేశాడు.

గంగబాబుకి ఇది మాత్రం మింగుడు పడలేదు. "ఖాళీ వదిలేసేడా? పార్టీ ఊరుకుందాండి?" అన్నాడు. వాళ్ళ వృత్తిలో డబ్బులిచ్చేవాణ్ణి పార్టీ అంటారు. జానెడు ఖాళీ కనిపిస్తే అందులో తన మేనల్లుడి ఫొటో పెట్టమని అడగని పార్టీని గంగబాబు ఇంతవరకూ చూడలేదు.

దాతల దగ్గర పని మొదలైంది. అందరికీ బంగారమే కావాలి. స్వర్ణోత్సవం కదా అని ఒకరు, తమ ఇంటిపేరులోనే బంగారం ఉందని ఇంకొకరు. ఛైర్మన్ సత్యదుర్గారావుగారు ఉండగా ఇతరులకి బంగారం రావడమేమిటని మురళీమోహన్‌గారు తేల్చేశారు. వెండి, రాగి వెంటనే పోయాయి. ఆక్సిజన్‌కి నర్సింగ్‌హోమ్ డాక్టరుగారు. ఖతార్‌లో పనిచేసి వచ్చిన చిన్నబ్బాయి పెట్రోలు గడి కావాలన్నాడు. పట్టికలో పెట్రోలు లేదంటే అతనికి కోపం వచ్చింది.

"ప్రపంచమంతా దాని మీద నడుస్తుంటే అదే లేదంటారేంటండి? ఇదేం పట్టికండి బాబూ?"

పెట్రోలు మూలకం కాదనీ, కార్బన్, హైడ్రోజన్ కలిస్తే వచ్చేదనీ విజయ టీచరు చెబితే, అయితే ఆ రెండూ తన పేరున రాసెయ్యమన్నాడు. అలా మొదటి వరసలో మొదటి గడిలో చిన్నబ్బాయి, నల్లకళ్ళజోడుతో సహా, ఖాయమైపోయాడు. ఆర్సెనిక్‌కి చాలాకాలం ఎవరూ రాలేదు. చివరికి ఎవరో అన్నదమ్ములు తమ తండ్రిగారి పవిత్ర జ్ఞాపకార్థం దాన్ని తీసుకున్నారు. అది విషమని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు, పైన ఉన్న తండ్రిగారికి తెలిసినా ఇప్పుడు చేసేదేమీ లేదు.

అసలు చిక్కు ప్లాటినంతో వచ్చింది. అది బంగారానికి ఎడమ పక్క గడి. దాన్ని మండపేటలో రైసుమిల్లున్న భీమరాజుగారు తీసుకున్నారు. ఈయన సత్యదుర్గారావుగారికి తోడల్లుడు. మామగారి ఆస్తి పంపకాల నాటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. మామూలు ఫ్లెక్సీ అయితే గంగబాబు వాళ్ళ మధ్య నెమలిని దాటి ఏనుగునే పెట్టేవాడు. ఇక్కడ డెబ్బై ఎనిమిదికీ డెబ్బై తొమ్మిదికీ మధ్య ఈగని కూడా పెట్టడానికి లేదు. "ఏం చెయ్యమంటారండి, నంబరండి. నా చేతుల్లో లేదండి," అన్నాడు గంగబాబు భీమరాజుగారితో. ఆ మాట అనగానే అతనికి ప్రాణం తేలికైపోయింది. ఇరవై ఏళ్ళుగా ప్రతి తలకాయ బరువూ తన చేతుల్లోనే తూచాడు. ఇప్పుడు మొదటిసారి ఆ బరువు ఇంకెవరిదో అయింది. వచ్చినవాడికల్లా, అడిగినా అడక్కపోయినా, నంబరండి, నా చేతుల్లో లేదండి అని చెప్పుకుంటూ ఆ వారమంతా పండగ చేసుకున్నాడు.

అతని పండగ సత్యదుర్గారావుగారు షాపు మెట్లు ఎక్కేదాకా సాగింది.

ఆయన స్టూలు మీద కూర్చుని కంప్యూటరు తెర వైపు చాలాసేపు చూశారు. పైవరసలో ఎడమ చివర చిన్నబ్బాయి, కుడి చివర హీలియం పుచ్చుకున్న బెలూన్ల కొట్టాయన. మధ్యలో తెల్లగా, విశాలంగా, ఏమీ లేదు. తను ఆరో వరసలో తోడల్లుడి పక్కన.

"ఏమయ్యా గంగబాబూ, పైన అంత ఖాళీ పెట్టుకుని నన్ను ఆరో వరసలో కూర్చోబెట్టేవేంటి?"

"నంబరండి. నా చేతు..."

"ఖతార్ నుంచొచ్చిన చిన్నబ్బాయి పైనా, నేను కిందా."

"ఆయనది ఒకటండి. తమరిది డెబ్బై తొమ్మిదండి."

"మరి నాది పెద్దదే కదా. పెద్ద నంబరు కిందకెందుకు పోయింది?"

ఈ ప్రశ్న మెండలీవ్‌ని కూడా ఎవరూ అడిగి ఉండరు.

"నీ ఇష్టమయ్యా, నేనేం ఒత్తిడి చెయ్యట్లేదు," అన్నారు సత్యదుర్గారావుగారు లేస్తూ. గోడ వైపు చూసి, పెచ్చులూడిన చోట ఆప్యాయంగా చెయ్యి పెట్టి నిమిరారు. "ఫంక్షన్ అయ్యేక ఈ షాపు కాస్త రిపేరు చేయించాలి. ఖాళీ చేస్తే గానీ చెయ్యనని మేస్త్రీ అంటున్నాడు. చూద్దాంలే. వస్తానండీ."

ఎప్పుడూ అనని 'అండీ' అన్నారు. గంగబాబు లెక్క వేసుకున్నాడు. మెయిన్ రోడ్డు మీద ఇంకో షాపు దొరకదు. సందులోకి పోతే ఫ్లెక్సీ బేరం ఉండదు. రోడ్డు మీద ఉన్నవాడి దగ్గరకే ఎవరైనా వస్తారు. షాపు పోతే మిషను తెచ్చి ఇంటి అరుగు మీద పెట్టుకుని, ఆధార్ కార్డులకి ప్లాస్టిక్ అతికించుకుంటూ బతకాలి.

భోజనాల దగ్గర ఆ సంగతి దుర్గమ్మతో చెప్పాడు. రమ్యశ్రీ పక్కనే కూర్చుని అన్నం కలుపుకుంటోంది. "నంబరు మారిస్తే తప్పయిపోద్దని టీచరు గారు గట్టిగా చెప్పేరే," అన్నాడు.

"చదువుకున్నోళ్ళకి పుస్తకాలున్నాయండి. మనకి షాపుంది," అంది దుర్గమ్మ. "ఆయన పెద్దాయన. పైన కూర్చుంటానంటే కూర్చోనివ్వండి. ఒక గడి పైకెక్కితే లోకం మునిగిపోద్దా?"

రమ్యశ్రీ కంచం తీసుకుని లేచింది.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. గంగబాబు పామునే మంచి చేసుకున్నాడు. మౌసుతో బంగారాన్ని పట్టి పైకి లాగి, హైడ్రోజన్‌కీ హీలియానికీ నడిమధ్యన, మిగతా గళ్ళకి రెట్టింపు సైజులో, వెనకాల సూర్యకిరణాలు పెట్టి కూర్చోబెట్టాడు. ఒకటి, డెబ్బై తొమ్మిది, రెండు. కింద పడిన ఖాళీ చూసుకుంటే చెయ్యి ఊరుకోలేదు. ప్లాటినాన్ని పక్కకి సాగదీశాడు. భీమరాజుగారికి ఫోన్ చేసి, "ఆయన్ని పైకి పంపించేశామండి. తమరు రెండు గళ్ళల్లో కూర్చున్నారండి, ఆయ్," అని చెప్పాడు. భీమరాజుగారు సంతోషించారు. గొడవ రాలేదు. గంగబాబు పేరు నిలబడింది.

విజయ టీచరు ఫ్లెక్సీ విప్పి చూసి, "గంగబాబు గారూ, ఏం చేశారండీ ఇది?" అన్నారు. ఆమె హెడ్మాస్టరుగారి దగ్గరకి వెళ్ళారు. ఆయన ఛైర్మన్ సంతకంతో ల్యాబుకి సామాను తెప్పించుకోవాల్సిన మనిషి. స్టేజీ వరకేలెండి టీచరమ్మా, తర్వాత చూద్దాం అన్నారు. పిల్లలకి పుస్తకంలో సరిగ్గానే ఉంది కదా అని కూడా అన్నారు. "పుస్తకం మూసేస్తారండి. గోడ ఎవరు మూస్తారు?" అన్నారు విజయ టీచరు. ఆ ప్రశ్న కూడా తర్వాత చూద్దాంలోకే పోయింది.

స్వర్ణోత్సవం దివ్యంగా జరిగింది. వచ్చిన వందలాది మందీ పట్టిక ముందు నిలబడి తమ తమ గళ్ళని వేలితో చూపిస్తూ ఫొటోలు దిగారు. ముఖ్య అతిథిగారు తనకి సైన్సు అంటే చిన్నప్పటి నుంచీ ప్రాణమని గంటసేపు మాట్లాడారు. ఆయన వెనకాలే ఉన్న పట్టికలో బంగారం గాలి పీల్చుకోడానికి పైకి వచ్చిన సంగతి ఆయనకి గానీ మరెవరికి గానీ కనిపించలేదు. తన ఫొటో ఉన్న గడి తప్ప పక్క గడి చూసే ఓపిక ఎవరికుంది? సత్యదుర్గారావుగారు మైకు తీసుకుని, పదో తరగతి ప్రీ-ఫైనల్ సైన్సులో మొదటి మార్కు వచ్చినవాళ్ళకి తన తరఫున బహుమతి అనీ, ఆ పేపరు తన కళ్ళతో తనే చూస్తాననీ ప్రకటించారు. చప్పట్లు. షాపు రిపేరు మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. పెచ్చులు వాటంతటవే గోడకి అతుక్కున్నాయనుకోవాలి.

స్టేజీ విప్పాక ఫ్లెక్సీ తాత్కాలికంగా ల్యాబు గోడకి చేరింది. తాత్కాలికంగా పెట్టినవాటి ఆయుష్షు గురించి ప్రభుత్వ బళ్ళలో చదువుకున్నవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు.

ప్రీ-ఫైనల్ పరీక్ష వచ్చింది. గదులు చాలక పదో తరగతిని ల్యాబులో కూర్చోబెట్టారు. ఎదురుగా గోడ నిండా పట్టిక. మొదటి పీరియడ్‌లోని మూలకాలు రాయుము అని ఒక మార్కు ప్రశ్న. అంత ధర్మబద్ధంగా చూచిరాత అవకాశం దొరికితే పిల్లలు పుస్తకంలో చదివింది ఎందుకు గుర్తు తెచ్చుకుంటారు? తలెత్తారు, చూశారు, రాశారు. హైడ్రోజన్, బంగారం, హీలియం. క్లాసు క్లాసంతా అదే. ఒక కుర్రాడు ఇంకాస్త భక్తిగా బంగారం పక్కన ఛైర్మన్‌గారి పేరు కూడా రాశాడు.

పేపర్లు దిద్దిన మర్నాడు బడి వదిలాక విజయ టీచరు షాపుకి వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"పిల్లలంతా గోడ చూసి రాశారండి. వాళ్ళననడానికి నాకు నోరు రాలేదు. కానీ మీ అమ్మాయి కూడా బంగారమే రాసింది. అది నాకు అర్థం కాలేదు. మిగతా పేపరంతా ముత్యాల్లా ఉంది. ఆ పిల్లకి పట్టిక మొత్తం నోటికొచ్చండి. మీరొకసారి అడగండి."

గంగబాబు ఇంటికి వెళ్ళాడు. రమ్యశ్రీ అరుగు మీద కూర్చుని తల్లితో పాటు ఒక గృహప్రవేశం ఫ్లెక్సీకి రింగులు కొడుతోంది.

"మొదటి పీరియడ్‌లో ఎన్నమ్మా?" అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

"రెండు నాన్నా. హైడ్రోజన్, హీలియం."

"మరి పరీక్షలో బంగారం రాసేవంట?"

రమ్యశ్రీ తల ఎత్తలేదు. "మొదటి మార్కు వచ్చిన పేపరు సత్యదుర్గారావు గారు చూస్తారన్నారు కదా నాన్నా. నాదే వస్తుందేమోనని. గంగబాబు కూతురే నన్ను పై వరసలోంచి తీసేసిందని ఆయన అనుకుంటే మళ్ళీ షాపు రిపేరంటారని." ఇంకో రింగు పెట్టి సుత్తితో కొట్టింది. "ఒక్క మార్కే కదా. మీరూ తెలిసే వేసేరు, నేనూ తెలిసే రాసేను."

ఆ పిల్ల గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. రేపు వాన రావచ్చు, గొడుగు పట్టుకెళ్ళాలి అన్నట్టు చెప్పింది. అదే గంగబాబుని కోసేసింది. తను రెండుసార్లు తప్పినా సైన్సు తెలియక తప్పాడు. ఈ పిల్ల తెలిసి తప్పింది. ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో, ఎవరికి ఎప్పుడు నెమలి పెట్టాలో తను ఇరవై ఏళ్ళు పడి నేర్చుకున్న విద్యని ఈమె అన్నం తింటూ ఒక పూటలో నేర్చేసుకుంది. అతనికి సిగ్గేసింది. ఇంత సిగ్గు ఫెయిలైన రోజున కూడా వెయ్యలేదు. దుర్గమ్మ చేతిలో ఫ్లెక్సీ అంచు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

మర్నాడు పొద్దున్న బడి గంట కొట్టకముందే గంగబాబు నిచ్చెన, కట్టరు తీసుకుని ల్యాబుకి వెళ్ళాడు. విజయ టీచరు తలుపు తీసి, నిచ్చెన కాళ్ళు పట్టుకున్నారు. సూర్యకిరణాల చుట్టూ నాలుగు వైపులా కట్టరు తిప్పేసరికి సత్యదుర్గారావుగారు చేతులు జోడించి నవ్వుతూనే కిందకి ఊడొచ్చారు. ఆయన ఉన్న చోట వెనకాల గోడ కనిపించింది. దాన్ని దేనితోనూ కప్పలేదు. ఆరో వరసలో ప్లాటినం మీద, ఒకే సైజువి, రాత్రి ప్రింటు తీసిన రెండు కొత్త గళ్ళు అతికించాడు. డెబ్బై ఎనిమిది, డెబ్బై తొమ్మిది. తోడల్లుళ్ళిద్దరూ భుజం భుజం ఆనించుకుని కూర్చున్నారు.

నిచ్చెన దిగి అక్కడి నుంచే ఫోన్ చేశాడు.

"గంగబాబునండి. తమర్ని కిందకి దించేనండి."

"ఎక్కడికి?"

"తమరి నంబరు దగ్గరికండి. భీమరాజు గారి పక్కనండి."

ఎప్పటిలాగే మెత్తగా, "ఎవరు దించమన్నారు?" అన్నారు సత్యదుర్గారావుగారు.

"ఎవరూ అన్లేదండి. నేనే దించేనండి."

"షాపు సంగతి ఆలోచించుకున్నావా?"

"ఆలోచించేనండి. అది నేనొక్కణ్ణీ ఆలోచించినంతకాలం బాగానే ఉందండి. మా అమ్మాయి కూడా ఆలోచించడం మొదలెట్టిందండి. ఆయ్."

ఫోను పెట్టేశారు.

రమ్యశ్రీకి ఆ ఒక్క మార్కూ విజయ టీచరు ఇవ్వలేదు. బహుమతి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. షాపు తాళం చెవి కోసం ఆ సాయంత్రమే సత్యదుర్గారావుగారి మనిషి వచ్చాడు. చెప్పులు మెట్ల కింద విడిచి, దుర్గమ్మగారు బాగున్నారా, అమ్మాయి బాగా చదువుతోందా అని పేరుపేరునా అడిగి, తాళం చెవిని రెండు చేతులా అందుకున్నాడు.